ఆఖరి నలభై సెకన్లు

రాహేలుకు యాష్టకొచ్చింది. కాళ్ళు గుంజుతున్నందుకు గాదు. కాళ్ళు ఇయ్యాల కొత్తగ గుంజుతున్నయా? సర్కారు దవాఖానల ఆయా కొలువు, ఇరవై రెండేండ్లాయె, దినానికి ఎన్నిపార్లు మెట్లెక్కి దిగుతదో దేవునికే ఎరుక. ఆమెకు యాష్టకొచ్చింది గా మహమ్మదలీతోని, గా మైక్ టైసన్‌తోని. ఇద్దర్ల ఒక్కన్ని గూడ ఆమె కండ్లార చూడలే. అయినా నాలుగు నెలల సంది ఇద్దర్నీ నెత్తికెత్తుకొని ఈ అర్రకెల్లి ఆ అర్రకు, ఆ అర్రకెల్లి ఈ అర్రకు మోస్తున్నది.

మాపటికి డ్యూటీ దిగి, హుస్సేనీ ఆలంల తమ సందుల పడి, గేటు తీసి లోపట అడుగు పెట్టిందో లేదో, మంచం మీదికెల్లి పెనిమిటి సామ్యూల్ అందుకున్నడు.

"వచ్చినవా? పోయి వాన్ని అడుగు. అలీ ఎడమ చెయ్యి చాపి నిలబడ్తే టైసన్ లోపటికి ఎట్లొస్తడో అడుగు. ఐదడుగుల పదించులోడు, ఎగురుకుంట వస్తడా?"

"చెప్పులన్న ఇడువనియ్యవా?"

"ఇడిచినంక అడుగు."

చెప్పులిడిచింది, కాళ్ళు కడుక్కున్నది, వాకిలి దాటి మరిది డానియేలు అర్ర ముంగట నిలబడ్డది. నడుమ పదడుగులు గూడ ఉండయి. ఇక్కడ దగ్గితే అక్కడ ఇనవడ్తది. అన్న అన్న మాట డానియేలు చెవులార ఇన్నడు. అయినా ఇననట్టే గోడ దిక్కు మొఖం పెట్టుకొని కూసున్నడు. వదిన మల్ల మొదటికెల్లి చెప్పాలె. చెప్పింది.

"తల ఊపుకుంట వస్తడని చెప్పు వదినా. ఫ్రేజియర్ ఎట్లొచ్చిండు? ఆ ఫ్రేజియర్ ఎడమ చేతి దెబ్బకు పదిహేనో రౌండుల అలీ ఎల్లెలుకల పడలేదా? వానికి పడ్డోడు టైసన్‌కు పడడా? అడుగు."

"నేనడుగ. నువ్వే అడుగు, గీడ్నే ఉన్నడు."

"నాకు ఆయనతోని మాటల్లేవు."

మాటల్లేవంట! ఇద్దరు మాట్లాడేదంత ఆమె నోటితోనే మాట్లాడ్తరు గని, మాటల్లేవు. ఆంబోతులు కుమ్ములాడ్తే లేగదూడల కాళ్ళిరిగినట్టు, కొట్లాట వాళ్ళది, గోస ఈమెది. "మీ అలీ పాడుగాను, మీ టైసన్ పాడుగాను" అనుకుంట పోయి తోటికోడలు బేబీ పక్కన కూలబడ్డది.

బేబీ లాడ్ బజార్ దుకాన్లకు గాజుల మీద రాళ్ళు అతికిస్తది, ఇంట్ల కూసునే. ఆమె పక్కన కూసుండి నాలుగు గాజులకు రాళ్ళు పెడ్తే గని రాహేలుకు దవాఖాన వాసన ఇడువది. చేతులు రాళ్ళు పెడ్తుంటయి, నోరు చెప్తుంటది. "ఆ పచ్చరాళ్ళు ఇటు జరుపు బేబీ. చింతపండు నానేసినవా? చారు పలచగ పెట్టు, మొన్న గొజ్జయింది. గా నీలం చీర ఎందుకు కట్టినవ్, నీకు నప్పదు." బేబీ "అట్లనే అక్కా" అంటది. పెండ్లై ఈ వాకిట్ల అడుగు పెట్టి ఇరవై ఆరేండ్లు, ఒక్కనాడు ఎదురు మాటాడలే. చెల్లెండ్లు లేని రాహేలుకు బేబీయే చెల్లె, బేబీయే బిడ్డ. ఇంట్ల ఇద్దరు మొగోళ్ళు పిచ్చోళ్ళయినా ఈ పిల్ల ఒక్కతి ఉన్నదని ఆమె పానం నిలబడ్డది.

ఇగ లొల్లి ఎట్ల మొదలైందో చెప్పాలె.

అన్నదమ్ములిద్దరు ఒకప్పుడు బాక్సర్లు. పురానాపూల్ కాడ ఒక రేకుల షెడ్డుల నేర్చిండ్రు. ఇప్పుడు సామ్యూల్ గల్లీలకు నల్లా నీళ్ళు ఇడిచే లైన్‌మెన్, రెండేండ్లల్ల రిటైరు. డానియేలు బస్సు డిపోల మెకానిక్. గ్లౌజులు పోయినయి గని గీర పోలే. అందుకే అయితారం మాపటికి అరుగు మీద ఆట. నోటి ఆట. ఒకలు పాతకాలపు బాక్సర్ దిక్కు, ఇంకొకలు కొత్తకాలపోని దిక్కు. ఒకలు "ఎడమ చెయ్యి ఇసిరిన" అంటే, ఇంకొకలు "వంగిన, పక్కటెముకల కింద ఇచ్చిన" అనాలె. ఊపిరి తీసేంతల జవాబు రాకుంటే దెబ్బ తగిలినట్టే లెక్క. మూడు నిమిషాలకు ఒక రౌండు. గంట కొట్టేది రాహేలు, స్టీలు గ్లాసు మీద చెంచతోని. మార్కులేసేది ఎదురింటి వీరరాఘవరావు సారు. బందరు దిక్కుకెల్లి వచ్చి ఆడిట్ ఆఫీసుల నౌకరి చేసి రిటైరైన మనిషి, జన్మల ఒకల మీద చెయ్యెత్తలే, గని ఏ బాక్సర్ చెయ్యి ఎన్ని అంగుళాలో నిద్రల లేపి అడిగినా చెప్తడు.

"సచ్చినోనికి, బతికున్నోనికి కొట్లాట పెట్టుడేంది? అత్తకు మీసాలొస్తే మామ అయితది గాదా!" అని రాహేలు కొత్తల నవ్వేది. నవ్వి నవ్వి, గంట కొట్టి కొట్టి, ముప్పై ఏండ్లల్ల ఆమెకే అన్నీ వచ్చినయి. ఏ దెబ్బకు ఏ జవాబో వంటింట్లకెల్లి చెప్తది.

నాలుగు నెలల కింద ఒక అయితారం అలీకి, టైసన్‌కు పడ్డది. సామ్యూల్ అలీ దిక్కు. ఏడో రౌండుల డానియేలుకు జవాబు తడబడ్డది ఒకపారి, మల్లొకపారి. సామ్యూల్ భుజం మీది తువ్వాల తీసి నడుమల ఇసిరిండు. బాక్సింగుల తువ్వాల ఇసిరిండ్రంటే ఓటమి ఒప్పుకున్నట్టు. "అయిపోయింది తియ్యి. నీ కార్నర్ల ఎవడున్నా గిప్పుడు తువ్వాల ఏస్తడు" అని నవ్విండు.

డానియేలు నవ్వలే. లేచి నిలబడ్డడు.

"నా కార్నర్‌కెల్లి తువ్వాల ఏసేటందుకు నువ్వెవనివి? ఒక్కపారి ఏసింది సాలలేదా?"

అంతే. అర్రలకు పోయి తలుపేసుకున్నడు. గా దినం సంది అన్నకు తమ్మునికి మాటల్లేవు.

ఆ ఒక్కపారి ఏందంటే, తొంభై మూడుల స్టేట్ ఫైనల్. డానియేలుకు ఇరవై ఒక్కటి. అవతల ప్రేమ్‌రాజ్ అని సికింద్రాబాద్ పోరడు. మొదటి రెండు రౌండ్లు డానియేలువే. మూడో దాంట్ల ప్రేమ్‌రాజ్ కుడి చెయ్యి తగిలింది. రిఫరీ ఆట ఆపి ఎనిమిది లెక్కపెట్టిండు. మల్ల తగిలింది, మల్ల ఎనిమిది. ఇంక నలభై సెకన్లు ఉన్నయనంగ, తమ్ముని దిక్కు కార్నర్ల ఉన్న సామ్యూల్ తువ్వాల ఇసిరిండు. ఆట బందయింది. గెలిచినోనికి కప్పు, ఆటల కోటాల మంచి కొలువు. ఓడినోనికి డిపోల గ్రీజు.

"ఎందుకేసినవ్ అన్నా?" అని ఆ దినమే అడిగిండు డానియేలు.

"గార్డు దిగింది, చేతులు కిందికొచ్చినయి. మోకాలు పోయింది. ఇంకొక్క దెబ్బకు రిఫరీయే ఆపుతుండె" అన్నడు సామ్యూల్. ముప్పై ఏండ్లు దాటినా ఎప్పుడడిగినా అదే జవాబు. గార్డు, మోకాలు, రిఫరీ.

గిట్ల నడుస్తుండంగ, సర్కారు కట్టిచ్చిన రెండర్రల ఇండ్ల చీటీల డానియేలు పేరొచ్చింది. ఊరవతల, రెండు బస్సులు మారి పోవాలె. తాళాలు చేతికొచ్చినయి. సోమవారం పొద్దుగాల ట్రాలీ వస్తదని డానియేలు చెప్పిండు, వాకిట్ల నిలబడి, ఎవల దిక్కు చూడకుంట.

లొల్లి లేకుంటే వీడు పోవునా అనుకున్నది రాహేలు. ఆ ఇంటికి తాళమేసుకొని గీడ్నే పడి ఉండకపోవునా? అంత ఆ తువ్వాల చేసింది. వీడు పోతే పోనియ్యి, పిచ్చోడు, వీని ఎంట బేబీ పోతది! ఆ ఊరు గాని ఊర్ల ఈ నోరులేని పిల్ల ఎట్ల బతుకుతది? తను మాపటికి వచ్చి ఎవల పక్కన కూసోవాలె?

"నువ్వేం ఫికర్ చెయ్యకు బేబీ. నేను చూసుకుంట. నిన్ను ఎక్కడికి పోనియ్య" అన్నది ధైర్యం చెప్పుకుంట.

బేబీ తల వంచుకొని గిన్నెలు మూట కడ్తున్నది, జవాబు చెప్పలే. బాధ ఉంటది గద, ఏం చెప్తది అనుకున్నది రాహేలు.

ఆ మాపటికి మొగుని పక్కన కూసుండి కాళ్ళొత్తుకుంట మెల్లగ కదిలిచ్చింది. "ఇను. వాడు పోతున్నడు. ఒక్కపారి అరుగు మీద కూసుండి ఓడిపోరాదు? నీ సొమ్మేం పోతది? అలీ పడ్డడను. పామూ చావది, కట్టే ఇరగది."

సామ్యూల్ లేచి కూసున్నడు. "అలీ ఎట్ల పడ్తడే?"

"ఆయన పడనీకి నిజంగ కొట్లాడ్తున్నడా? నువ్వంటె పడ్తడు."

"నేనన్నా పడడు" అన్నడు. అని గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. గసొంటి మొండి ఖాందాన్ ఇది.

సరే అనుకున్నది. నాలుగు నెలలు ఉన్నది ఉన్నట్టు మోసింది, ఒక్కపారి లేనిది మోస్తే పాపమేం తగులుతది? పొద్దుగాల డానియేలు తాన పోయి "మీ అన్న అంటున్నడు, దమ్ముంటే పోయే ముంగట అయితారం అరుగు మీదికి రమ్మను, తేల్చుకుందమంటున్నడు" అన్నది. డానియేలు ముక్కుపుటాలు ఉబ్బినయి. ఇటొచ్చి సామ్యూల్‌తోని "మీ తమ్ముడు గిట్లంటున్నడు" అని అవే మాటలు అప్పజెప్పింది. ఆయన గూడ ముక్కు ఉబ్బిచ్చిండు. ఒక్క తల్లి కడుపుల పుట్టినోళ్ళు గద, ముక్కులొక్కటే.

అయితారం చర్చికి పోయొచ్చి, అన్నాలు తిని, ఎండ జర దిగినంక ఇద్దరు అరుగు మీద ఎదురుబొదురు కూసున్నరు. నాలుగు నెలలల్ల తొల్తపారి. వీరరాఘవరావు సారు ఇస్త్రీ చొక్కా ఏసుకొని కాయితం, పెన్ను పట్టుకొచ్చిండు. రాహేలు గ్లాసు, చెంచ పట్టుకొని మెట్టు మీద కూసున్నది. లోపట బేబీ మూటలు కడ్తనే ఉన్నది.

"అలీకి, టైసన్‌కి ఏడో రౌండు దగ్గర ఆగిందండీ" అన్నడు సారు కండ్లద్దాలు సర్దుకుంట. "అక్కడి నుంచే మొదలుపెడదామా?"

"అలీ వద్దు, టైసన్ వద్దు" అన్నడు డానియేలు. "నేను, ప్రేమ్‌రాజ్. మూడో రౌండు, ఆఖరి నలభై సెకన్లు. తువ్వాల లేదు."

సామ్యూల్ మొఖం నల్లగయింది.

"అది మన పద్ధతి కాదండీ డానియేలు గారూ" అన్నడు సారు. "వేరువేరు కాలాల వాళ్ళకే కదండీ మనం పోటీ పెట్టుకునేది."

"వేరే కాలమే సారూ. గా డానియేలు ఎవడో, నేనెవన్నో. ప్రేమ్‌రాజ్ దిక్కు ఈయన మాట్లాడ్తడు. కొట్టి పడగొడ్తే తువ్వాల ఏసింది కరెక్టే. నేను నిలబడ్తే తప్పు. ముప్పై ఏండ్ల లెక్క, నలభై సెకన్లల్ల తేలిపోతది."

"నాతోని గాదు" అన్నడు సామ్యూల్.

"అయితే తప్పు చేసిన అని ఒప్పుకో."

సామ్యూల్ తల దించుకొని జర ముంగటికి జరిగి కూసున్నడు. సారు ఏం చెయ్యాల్నో తెల్వక చేతి గడియారం ఇప్పి ముంగట పెట్టుకున్నడు. రాహేలు గ్లాసు మీద కొట్టింది. మనసుల మాత్రం "ఓడిపో, ఓడిపో, ఓడిపో" అని మొగునికి మొక్కుతున్నది.

"ఎడమ చెయ్యి" అన్నడు సామ్యూల్ మెల్లగ.

"తప్పుకున్న."

"మల్ల ఎడమ. ఎనుకనే కుడి చెయ్యి."

"పట్టుకున్న. పట్టుకొని మీద వాలిన."

"రిఫరీ ఇడిపిచ్చిండు. నువ్వు ఎనుకకు పోతున్నవ్. తాళ్ళకు ఆనుకున్నవ్."

"ఆనుకోలే."

"ఆనుకున్నవ్ రా. నేను చూసిన గద. కుడి చెయ్యి."

డానియేలు నోరు తెరిచిండు. జవాబు రాలే.

"మల్ల కుడి చెయ్యి."

రాలే. ఛాతి కాడికి ఎత్తి పట్టుకున్న చేతులు వాటంతటవే జారి ఒళ్ళె పడ్డయి. యాభై మూడేండ్ల మనిషి, తల నెరిసింది, గోర్ల నడుమ గ్రీజు పోలే. ఎక్కడో దూరం చూస్తున్నడు, దవడ వేలాడ్తున్నది. ఫైనల్ దినం రాహేలు స్టేడియంకు పోలే. పొయ్యి మీద మటన్ పెట్టుకొని, మరిది కప్పు పట్టుకొని వస్తడని వాకిట్ల నిలబడ్డది. ఈ ఇంటికి కోడలై వచ్చినప్పుడు వానికి పదహారేండ్లు, తన చేతి బువ్వ తిని పెరిగిండు. ఆ దినం వాని మొఖం ఎట్లుండెనో ఇయ్యాల కనబడ్డది. సామ్యూల్ పెదవులు ఇంకో దెబ్బకు కదులుతున్నయి, కండ్లల్ల నీళ్ళు తిరుగుతున్నయి.

రాహేలు చెయ్యి లేచింది. గ్లాసు టంగుమన్నది.

ముగ్గురు తిరిగి ఆమె దిక్కు చూసిండ్రు.

"ఇంకా ఇరవై రెండు సెకన్లు ఉన్నాయండీ" అన్నడు సారు. ఆడిట్ మనిషి, ఏం చేస్తడు.

"వదినా" అన్నడు డానియేలు. "ఎందుకు కొట్టినవ్?"

చెప్పేటందుకు ఆమెకు మస్తు సాకులు దొరుకుతుండె. లెక్క తప్పిన అనొచ్చు, చెంచ జారింది అనొచ్చు. గని దినమంత నిలబడ్డ కాళ్ళు, నాలుగు నెలలు మోసిన మాటలు, ఇంకొక్క అబద్ధం మోసే తాకతు ఆమె తాన లేకుండె.

"చూడలేకపోయిన రా. గంతే. గార్డేందో, మోకాలేందో నాకెరుక లేదు. నిన్ను గట్ల చూడలేకపోయిన."

సందుల ఒక బండి హారన్ కొట్టుకుంట పోయింది.

"నేను గూడ గంతే రా తమ్మీ" అన్నడు సామ్యూల్. "గార్డు లేదు, గాడిదగుడ్డు లేదు. నీ కండ్లు తెల్లగ తిరిగినయి. నా తమ్ముడు సస్తున్నడనుకున్న. చెయ్యి ఆగలే. ఆట తెల్సినోన్ని, నలుగురి ముంగట భయపడ్డ అని ఎట్ల చెప్పాలె?"

"గీ మాట గప్పుడే చెప్తే ఏమాయె అన్నా?" డానియేలు చిన్న పోరని లెక్క ఏడుస్తున్నడు. "నేను చాతగానోన్ని అనుకొని ఏసినవనుకున్న. ముప్పై ఏండ్లు గదే అనుకున్న."

సామ్యూల్ జరిగి పోయి తమ్ముని మెడ మీద చెయ్యేసిండు. సారు కాయితం మడిచి జేబుల పెట్టుకున్నడు. "దీనికి నేను మార్కులు వెయ్యలేనండీ" అని కండ్లద్దాలు తుడుచుకుంట లేచి తన ఇంటికి పోయిండు.

రాహేలు కాళ్ళకు యాడికెల్లి వచ్చిందో బలం, ఒక్క దునుకుల లోపటికి పోయింది. "బేబీ! ఏ బేబీ! అయిపోయింది, కలిసిపోయిండ్రు! మూటలిప్పు. ఆ ట్రాలీవోనికి ఫోన్ చేసి రావద్దని చెప్తం. గిన్నెలు మల్ల అల్మారల పెట్టు, పెద్దయి కింద పెట్టు..."

అనుకుంటనే ఒక మూట ముడి ఇప్పుతున్నది. బేబీ ఆమె చెయ్యి పట్టి ఆపింది. ఇరవై ఆరేండ్లల్ల బేబీ ఆమె చెయ్యి ఆపింది లేదు.

"ఇప్పకక్కా. మేం పోతం."

"ఎందుకు పోతరే? లొల్లి ఒడిసిపాయె గద."

"లొల్లికి పోతలేమక్కా. ఆయనకు గీడికెల్లి కదిలేది లేకుండె. మాటల్లేకున్నా గోడకవతల అన్న దగ్గు ఇనవడాలె ఆయనకు. పోదామని నేనే కొట్లాడిన. ఇంటికోసం అర్జీ పెట్టిచ్చింది గూడ నేనే, నాలుగేండ్ల కింద. నీకు చెప్పలే."

రాహేలు మూట పక్కన కూలబడ్డది. "నేను నీకేం తక్కువ చేసిన బేబీ?"

"ఏం తక్కువ చెయ్యలే. అంత నువ్వే చేసినవ్." బేబీ ఆమె ఎదురుంగ కూసున్నది. "నాకు నలభై ఎనిమిదేండ్లక్కా. నాకు ఏ కూర ఇష్టమో నాకు ఎరుక లేదు. నువ్వు వండుమన్నది వండిన, నువ్వు మంచిగున్నదంటే మంచిగున్నదనుకున్న. మంచికే చెప్తవ్, నాకు తెల్సు. అందుకే నోరెత్తలే. ఒక్క ఇల్లక్కా. ఉప్పెక్కువైనా, మాడిపోయినా, నేనే మాడగొట్టుకుంట."

బయట అరుగు మీద అన్నదమ్ములు ముక్కులు చీదుకుంట నవ్వుతున్నరు. రేపు బీరువా ఎవలు ఏ దిక్కు పట్టాల్నో మాట్లాడుకుంటున్నరు. అంటే వాళ్ళకు గూడ తెల్సు, పోయేది పోయేదేనని.

"నీ మంచికే గద బేబీ" అనే మాట రాహేలు నాలిక చివరిదాక వచ్చింది. ఆ మాటను మింగింది. బేబీ మొఖం దిక్కు చూసింది. ఈ మొఖాన్ని రోజూ చూస్తనే ఉన్నది గని, ఇయ్యాల ఇది తనకు తెల్వని మనిషి మొఖం లెక్క కొడ్తున్నది.

"పోవాలని ఉన్నదా నీకు?" అని అడిగింది.

"ఉన్నదక్కా."

రాహేలు చీర కొంగుతోని మొఖం తుడుచుకున్నది. మూటకు తను ఇప్పిన ముడిని మల్ల తనే కట్టబోయి, ఆగి, బేబీ దిక్కు జరిపింది.

"గీ నాలుగు నెలలల్ల నిన్ను ఒక్కపారి గూడ అడుగలే గద నేను" అన్నది.

"నాలుగు నెలలేందక్కా" అన్నది బేబీ.